నెలాఖరు వెళ్ళాక

పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన మర్నాటి నుంచీ కోడలికి పొద్దున్నే ఒక వేడుక కుదిరింది. టీ గ్లాసు పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడితే పెరటి గడప కనిపిస్తుంది. గడప మీద మామగారు కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. వెనక పీట వేసుకుని అత్తగారు ఆయన తల దువ్వుతుంటారు. ఆ తల మీద దువ్వడానికి అట్టే మిగల్లేదు. ఉన్న కాసిని వెంట్రుకలనే ఆవిడ పెద్ద జడ వేయబోతున్నంత శ్రద్ధగా పాయ తీసి, తడి చేత్తో అణిచి, గడ్డం పట్టుకుని ముఖం ఇటు తిప్పి చూసి, "ఊఁ, లేవండి" అంటారు. ఆయన లేస్తారు. అంతే. అంత చిన్న సంగతికే కోడలికి కడుపు నిండిపోయేది.

"పెద్దయ్యాక నీ తల కూడా నేనలాగే దువ్వుతాను," అంది ఒకరోజు భర్తతో.

"తలైతే ఉంచుతాను. జుట్టు సంగతి మా నాన్నను చూసి నువ్వే లెక్కేసుకో," అన్నాడతను.

అతనిది పోస్టాఫీసులో ఉద్యోగం. వారం బట్టలన్నీ ఆదివారం ఒక్కరోజే ఉతుక్కునే అలవాటు. అందుకని శుక్రవారానికల్లా చొక్కాలు అయిపోయి, శనివారం పెళ్ళిచొక్కా తొడుక్కుని కౌంటర్లో కూర్చునేవాడు. స్టాంపుల కోసం వచ్చిన ముసలాయన ఒకాయన "ఇవాళేనా బాబూ పెళ్ళి?" అని అడిగాడట. రోజుకో చొక్కా ఉతుక్కుంటే పోయేదానికి ఇంత తంటా ఎందుకని ఆమె నవ్వితే, "మా ఇంట్లో అన్నీ కుప్పేసి చేస్తాం. మా నాన్న నేర్పిన విద్య," అన్నాడు.

అది నిజమే. ఆ ఇంట్లో ఏ పనికైనా గడువు ఒక్కటే, నెలాఖరు వెళ్ళాక. పెరట్లో కుళాయి కారుతోందంటే నెలాఖరు వెళ్ళాక చూద్దాం. నలుగురం కలిసి సినిమాకు వెళదామంటే నెలాఖరు వెళ్ళాక. అత్తగారు అప్పుడప్పుడు గొంతు తగ్గించి "ఆ డాక్టరు దగ్గరికి..." అని మొదలుపెడితే మాట పూర్తికాక ముందే, నెలాఖరు వెళ్ళాక. వీళ్ళ పెళ్ళి కూడా నెల మొదటి వారంలోనే జరిగింది, ఆఖరి వారంలో అయితే పెళ్ళికొడుకు తండ్రి రాలేరు గనక. ఆయన పనిచేసే చక్రాల కుర్చీల ఫ్యాక్టరీలో నెలాఖరంటే యుద్ధం. ఇనప గొట్టాలు వంచే షెడ్డుకు ఆయన మేస్త్రీ. ఆ యుద్ధానికి సేనాపతి.

కోడలిదీ అదే ఫ్యాక్టరీ. ఏ రోజు ఏ కుర్చీ తయారుచేయాలో రాసే ప్లానింగ్ గదిలో ఆమె పెళ్ళికి ముందే చేరింది. అక్కడ ఆమెను చూసే మేస్త్రీ తన కొడుక్కు అడిగారు. పొద్దున ఇద్దరూ కలిసే నడిచి వెళ్తారు. గేటు దాకా ఆయన మామయ్య, ఆమె అమ్మాయి. గేటు దాటగానే ఆయన మేస్త్రీ గారు, ఆమె ప్లానింగు. ఆ మార్పు ఆమెకు భలే సరదాగా ఉండేది.

"ఏం ప్లానింగూ, ఇవాళేం వంచమంటావు?"

"పెద్దవే మేస్త్రీ గారూ."

ఎప్పుడూ పెద్దవే. అక్కడ మూడు సైజులు చేస్తారు, పెద్దవి, మధ్యరకం, పిల్లలవి. గొట్టాన్ని ఏ వంపులో వంచాలో ఆ వంపు చెక్కిన బరువైన ఇనప అచ్చు సైజుకొకటి ఉంటుంది. దాన్ని డై అంటారు. డై మార్చాలంటే సగం పూట మిషను ఆగిపోతుంది. అందుకని ఒకసారి బిగించిన డైని వీలైనన్నాళ్ళు విప్పరు. నెల సగం దాకా పెద్దవి, తర్వాత కొన్నాళ్ళు మధ్యరకం, పిల్లలవి నెలాఖరులో. ఎప్పటినుంచో అంతే. అడిగినవాళ్ళు లేరు.

ఆ రోజు అడిగినవాడొచ్చాడు. గేటు దగ్గర ఒక దర్జీ, మెడలో కొలత టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చినట్టున్నాడు. వీపు మీద కూతురు, ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి. సన్నటి కాళ్ళు తండ్రి నడుముకు రెండు వైపులా ఊరికే వేళ్ళాడుతున్నాయి.

"పోయిన నెల వస్తే ఈ నెలన్నారు. పిల్లల కుర్చీ ఉందామ్మా?"

కోడలు గిడ్డంగి తలుపు తీయించింది. లోపల కుర్చీలు. మడిచినవి, ఒకదాని మీద ఒకటి, పైకప్పు రేకుకు తగిలేటట్టు. అన్నీ పెద్దవే. ఒకదాన్ని తీసి విప్పింది. దర్జీ కూతుర్ని అందులో కూర్చోబెట్టాడు. ఆ పిల్ల చేతులు చాచి చక్రాలను అందుకోబోయింది. వేళ్ళు గాలిలోనే ఆగిపోయాయి.

"ఇందులో నాతోపాటు మా పక్కింటి పిల్ల కూడా పడుతుంది నాన్నా," అంది. ఏడవడం కాదు, ఉన్న మాట చెప్పడం.

ప్యాకింగ్ గది గుమ్మంలో నిలబడి చూస్తున్న పొడుగక్క ఉండబట్టలేకపోయింది. ఆమె ప్యాకింగ్ ఆడవాళ్ళకు పెద్ద. ఎత్తులోనూ, నోటిలోనూ.

"ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకునే చోటు లేదంట. ఇన్ని కుర్చీలున్నాయి, ఒక్క పిల్లకు కూర్చునే కుర్చీ లేదు."

"నెలాఖరుకు రండి," అంది కోడలు దర్జీతో. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని విని ఉలిక్కిపడింది.

దర్జీ కూతుర్ని మళ్ళీ వీపు మీదకెక్కించుకున్నాడు. "మా దుకాణానికి అందరూ ఒకే కొలతవాళ్ళు రారమ్మా," అన్నాడు మర్యాదగానే. వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి పొడుగక్కా, మిగతా ఆడవాళ్ళూ చేతులు కడుక్కుని ఇంటిదారి పట్టారు. అడిగినవాళ్ళు లేని కుర్చీని అట్టపెట్టెలో పెట్టరు. అడిగిన కుర్చీలు ఇంకా పుట్టలేదు. పని లేకపోతే సగం పూట, సగం పూటకు సగం కూలి. నెలాఖరులో మాత్రం పిల్లలు నిద్రపోయేదాకా ఇంటికి పంపరు.

"మా ఆయనేమంటాడో తెలుసా," అంది పొడుగక్క గేటు దాటుతూ. "నీ ఉద్యోగం అమావాస్యకు అన్నం, పున్నమికి పస్తు అంటాడు. నువ్వు కాగితం మీద రాసేదానివి, అటూ ఇటూ సర్ది రాయలేవా ప్లానింగమ్మా?"

వేళాకోళంగానే అంది. కానీ ఆ మాట కోడలి చెవిలో గూడు కట్టుకుంది.

వచ్చిన ఆర్డర్లన్నీ ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి తేలింది. జనం ఏ వారమైనా దాదాపు ఒకేలా అడుగుతున్నారు. పది కుర్చీలడిగితే ఐదు పెద్దవి, మూడు మధ్యరకం, రెండు పిల్లలవి. అడిగేవాళ్ళు నెలంతా కలగలిపి అడుగుతుంటే, చేసేవాళ్ళు మాత్రం కుప్పలేసి చేస్తున్నారు. రోజూ అదే పాళ్ళలో మూడు సైజులూ చేస్తే? గిడ్డంగి నిండదు, దర్జీ తిరిగి వెళ్ళడు, పొడుగక్కకు రోజూ నిండు పూట పని ఉంటుంది.

ఓనరు గారు ఆమె చెప్పినదంతా కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నారు.

"వినడానికి బాగానే ఉందమ్మా. డై మార్చడానికే రోజు చాలదు కదా?"

"ఎందుకు చాలడం లేదో చూడాలి సార్. ఒక మూడు రోజులివ్వండి."

"మూడు రోజులు తీసుకో. కానీ మీ మామగారిని ఒప్పించడం నా వల్ల కాదు. ఆయన లేకపోతే నాకు నెలాఖరే లేదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె గొంతు సవరించుకుంది. "ఇంట్లో ఫ్యాక్టరీ మాట ఎత్తొద్దన్నారు కదా మామయ్యా. ఇవాళ ఒక్కసారి ఎత్తనా?"

"ఎత్తేసి అడుగుతున్నావు."

చెప్పింది. దర్జీ కూతురి గురించి, సగం పూట గురించి. ఆయన ముద్ద కలుపుతూ విన్నారు.

"రోజుకు మూడుసార్లు డై మార్చమంటావు. అది గొట్టాలు వంచడమా, డైలతో దాగుడుమూతలాడటమా?"

అత్తగారు వడ్డించే గరిటె గాల్లోనే ఆపేశారు. కోడలు భర్త వైపు చూసింది.

"నావంక చూడకు. నేను పోస్టాఫీసువాణ్ణి. ఒకరి ఉత్తరం ఇంకొకరికి చదివి వినిపించకూడదు," అన్నాడతను.

"ఓనరు సరేనన్నాడుగా. చేస్తాను," అన్నారు మామగారు. "ఒరేయ్, ఆ పై అరలో నెయ్యి డబ్బా ఇటు తియ్యి."

డబ్బా ఆయన వెనకే, చెయ్యెత్తితే అందేంత దూరంలో ఉంది. అయినా కొడుకే లేచి తీశాడు. ఆ దర్పం చూసి మామూలు రోజుల్లో ఆమెకు నవ్వొచ్చేది. ఇవాళ రాలేదు. ఓడిపోతే ఫ్యాక్టరీలో పొడుగక్క ముందు తలెత్తుకోలేదు. గెలిస్తే ఈ వంటింట్లో తలెత్తుకోలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో నెయ్యి అనుకుని, ఆ ఆలోచనకు మాత్రం తనలో తను కాస్త నవ్వుకుంది.

*

మొదటి రోజు పొద్దున్నే ప్యాకింగ్ గది గోడకు ఒక చెక్కపలక కొట్టించింది. దానికి మేకులు, మేకులకు అడిగిన కుర్చీకొకటి చొప్పున రేకు బిళ్ళలు. నీలం పెద్దవాటికి, పసుపు మధ్యరకానికి, ఎరుపు పిల్లలవాటికి. వంచే షెడ్డుకు ఏ బిళ్ళ వెళితే ఆ కుర్చీయే చేయాలి. బిళ్ళ వెళ్ళకపోతే చేయకూడదు. పొడుగక్క బిళ్ళలను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "చెవులకు పెట్టుకుంటే బావుండు," అంది.

నీలం బిళ్ళలయ్యాయి. పసుపు బిళ్ళ వెళ్ళింది. మేస్త్రీ గారు చేతి గుడ్డతో మెడ తుడుచుకున్నారు.

"డై మారుస్తున్నా. అందరూ టీకి వెళ్ళండి."

షెడ్డు తలుపు మూసుకుంది. డై మార్చేటప్పుడు ఆయన ఎవరినీ దగ్గరుండనివ్వరు. చేతుల కింద మనుషులుంటే చెయ్యి ఆడదంటారు. డై జారిపడి అంచు చిట్లిందంటే ఫ్యాక్టరీకి మూతేనంటారు. పనిమంతుడి చాదస్తమని అందరూ మన్నించారు. నెలకు రెండు మూడుసార్లేగా.

టీ తాగారు. ఇంకో టీ తాగారు. రంగు వేసే ఆయన, అందరూ రంగుల బాబాయి అంటారు, గోడనానుకుని కునుకు తీసి లేచాడు.

"ఇవాళ నా పిచికారీలోంచి గాలి తప్ప రంగు రాలేదమ్మాయ్."

సాయంత్రానికి ఎర్ర బిళ్ళలు షెడ్డు దాకా వెళ్ళనేలేదు. రోజూ వచ్చే ఫ్రేముల్లో సగం కూడా రాలేదు. ప్యాకింగ్ ఆడవాళ్ళు పొద్దుగూకులూ ఖాళీ బల్లల ముందు కూర్చున్నారు. ఓనరు గారు వచ్చి పలకవైపు ఒకసారి, ఆమెవైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు.

ఇంటికి నడుస్తుంటే మామగారు ముందు, ఆమె వెనక. 'నేను చెప్పలేదూ' అని ఆయన అంటే తను పోట్లాడవచ్చు. ఆయన ఆ మాట అనలేదు. అన్నం క్యారియర్ని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుని నడిచారు.

రెండో రోజు పసుపు బిళ్ళ వెళ్ళి షెడ్డు తలుపు మూసుకోగానే ఆమె లేచింది. కాలం ఎక్కడ పోతోందో చూడకుండా కాలాన్ని తిట్టుకుంటే ఏం లాభం? విప్పడంలో పోతోందా, బిగించడంలోనా, కొలత సరిచూడటంలోనా? షెడ్డు వెనక, గొట్టాల కుప్ప పక్కన ఒక కిటికీ ఉంది. కుప్ప మీద కాలు మోపి పైకి లేచి చూసింది.

డైలు గోడకున్న పై అరలో ఉన్నాయి. ఎప్పుడో షెడ్డులోకి వాననీళ్ళొస్తే అక్కడికి ఎక్కించారట, మళ్ళీ దించలేదు. మేస్త్రీ గారు ఎత్తు బల్ల మీద నిలబడ్డారు. ఎడమచెయ్యి ఒక్కటే పైకి లేచింది. కుడిచెయ్యి మోచేతి దగ్గర మడిచి పక్కటెముకలకు అదిమిపెట్టుకున్నారు, దెబ్బ తగిలిన పక్షి రెక్కను ముడుచుకున్నట్టు. ఎడమచేత్తో డైని అంగుళం అంగుళం అంచుకు లాగారు. ఆగారు. వెనక్కి తిరిగి, మెడ వంచి, ఆ ఇనపముద్దను మెడ మీదకూ ఎడమ భుజం మీదకూ తీసుకున్నారు. ఒక కాలు దించారు. ఆగారు. ఇంకో కాలు. మిషను బల్ల మీదకు దాన్ని దొర్లించి, బల్లకు నుదురానించి నిలబడిపోయారు. చాలాసేపు. ఆయన వీపు ఎగసి పడటం కిటికీలోంచి కనిపిస్తోంది. ఆ తర్వాత బోల్టులు బిగించడం చూడాలి. వేళ్ళు హార్మోనియం మీద ఆడినట్టు ఆడాయి. కొలత చూడటం, బిగించడం చిటికెలో అయిపోయాయి. కాలమంతా ఆ అరకూ బల్లకూ మధ్యే పోతోంది.

ఆమె కిందకు దిగింది. కాలికింద గొట్టమొకటి జారి చప్పుడైంది. పరుగులాంటి నడకతో వచ్చి తన గదిలో కూర్చుంది.

నెయ్యి డబ్బా. అన్నం క్యారియర్. మూసుకునే తలుపు. పెరటి గడప, దువ్వెన.

ఫ్యాక్టరీ నెలకు ఆ రూపం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకిప్పుడు తెలిసింది. ఒక మనిషి భుజం నెలకు ఎన్నిసార్లు ఓర్చుకోగలదో అన్నిసార్లే ఇక్కడ డై మారుతుంది. ఆ లెక్కన గిడ్డంగి నిండుతుంది, ఆ లెక్కన దర్జీ తిరిగి వెళ్తాడు, ఆ లెక్కన పొడుగక్క సగం పూటకు ఇల్లు చేరుతుంది. ఓనరు గారి గది పది అడుగుల దూరంలో ఉంది. 'మేస్త్రీ గారికి చెయ్యి లేవదు సార్' అని ఒక్క మాట అంటే చాలు, రేపటికి కొత్త మేస్త్రీ వస్తాడు. ఆ మాట అనకపోతే రేపటితో తన మూడు రోజులూ అయిపోతాయి.

సాయంత్రం పెరట్లో బట్టలు మడుస్తూ అత్తగారి పక్కన చేరింది.

"అత్తయ్యా, మామయ్యకు భుజం ఎన్నాళ్ళుగా లేవడం లేదు?"

ఆవిడ చేతిలో దుప్పటి ఆగింది. "ఎవరు చెప్పారు నీకు?"

"దువ్వెన."

ఆవిడ పెరటి తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "రెండేళ్ళ క్రితం ఒక నెలాఖరులో పట్టేసింది. డాక్టరంటే నెలాఖరు వెళ్ళాక అంటారు. ఏ నెలాఖరు వెళ్ళింది కనక, వెనకే ఇంకోటి వస్తుంది. వాడికి కూడా చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. చేతకాని మేస్త్రీని ఎవరుంచుకుంటారు అంటారు."

కోడలు చొక్కా మడతను మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. "నేనేమో మీరు ప్రేమకొద్దీ దువ్వుతున్నారనుకుని రోజూ మురిసిపోతున్నాను."

అత్తగారు ఆమెవైపు వింతగా చూశారు.

"చెయ్యి పట్టేసింది రెండేళ్ళ క్రితమే. దువ్వడం మా పెళ్ళయిన వారం నుంచీ ఉంది. అప్పట్లో జుట్టూ ఉండేది, చెయ్యీ లేచేది. అయినా తల ఇక్కడే పెట్టేవారు." ఆవిడ దుప్పటి కొస అందుకున్నారు. "పట్టుకో, అటు కొస పట్టుకో."

*

మూడో రోజు పొద్దున గేటు ఇంకా కొంచెం దూరముందనగా కోడలు ఆగిపోయింది.

"మామయ్యా, ఇక్కడ ఒక్క మాట. లోపలికెళితే మీరు మేస్త్రీ గారైపోతారు."

ఆయన ఆగారు.

"నాకు డై మార్చడం నేర్పండి."

"నీకెందుకు?"

"రాసేవాళ్ళకు చేయడం కూడా తెలియాలి కదా. కానీ ఆ పై అర నాకు అందదు. డైలు కిందుంటే నేర్చుకుంటాను. మిషను బల్ల ఎత్తులో, చక్రాల మీద ఉంటే ఎత్తక్కర్లేదు, తోస్తే చాలు. గిడ్డంగిలో పెద్ద కుర్చీలు బోలెడున్నాయి."

ఆయన రోడ్డు అవతల ఎవరో షట్టరు ఎత్తడం చూస్తూ నిలబడ్డారు. ఆ మనిషి రెండు చేతులూ తలమీదుగా పైకి లేచాయి.

"కిటికీ కింద గొట్టాల కుప్ప నిన్న జారి ఉంది," అన్నారు. "నేను పేర్చిన కుప్ప దానంతటది జారదు."

ఆమె తల వంచుకుంది.

"పై అర నీకు అందదు," అన్నారాయన.

"అందదు మామయ్యా."

"నీకే."

"నాకే."

ఆయన గేటువైపు నడిచారు. ఇద్దరూ లోపలికి వచ్చారు. షెడ్డు మధ్యలో నిలబడి మేస్త్రీ గారు గొంతెత్తి పిలిచారు.

"అందరూ ఇటు రండి. మన ప్లానింగుకు పై అర అందదట. డైలు కిందకు దించాలి."

పొడుగక్క చెయ్యి చాచితే పై అర దాటి ఇంకా రెండు బెత్తెలు పైకి వెళ్ళింది. ఆమె, రంగుల బాబాయి, ఇంకో ఇద్దరు కలిసి ఒక్కో డైని దించారు. గిడ్డంగిలోంచి తెచ్చిన పెద్ద కుర్చీల సీట్ల మీద చెక్కలు పేర్చి ఎత్తు సరిచేశారు. సైజుకొక కుర్చీ. డైలు మూడూ కుర్చీల్లో వరసగా, ఫొటోకు కూర్చున్న పెళ్ళిపెద్దల్లా ఉన్నాయి.

"నడవలేనివాళ్ళకు కుర్చీ సరే, ఈ డైకేం రోగం?" అంది పొడుగక్క.

"దానికి భుజం నొప్పి," అన్నారు మేస్త్రీ గారు.

అందరూ నవ్వారు. కోడలు పలక దగ్గరికెళ్ళి సరిగ్గానే ఉన్న బిళ్ళలను సర్దింది.

పసుపు బిళ్ళ వెళ్ళింది. ఆ పూట తలుపు మూసుకోలేదు. కోడలు బోల్టులు విప్పింది. మేస్త్రీ గారు చేతులు వెనక్కి కట్టుకుని, "అటు కాదు, ఇటు. ముందది. ఊఁ," అంటూ నిలబడ్డారు. పాత డై జారి ఒక కుర్చీలోకి, కొత్తది ఇంకో కుర్చీలోంచి బల్ల మీదకు. ఆమె వంచిన మొదటి గొట్టం మెలికలు తిరిగింది. మేస్త్రీ గారు దాన్ని పైకెత్తి అందరికీ చూపించి, "ఆఫీసు వంపు," అన్నారు. రెండోది బాగానే వచ్చింది. అందరినీ టీకి పంపే షెడ్డులోకి ఆ రోజు టీయే వచ్చింది. వచ్చేసరికి డై మారి మిషను నడుస్తోంది.

మధ్యాహ్నం కాకముందే ఎర్ర బిళ్ళ వెళ్ళింది. సాయంత్రానికి మొదటి పిల్లల కుర్చీలు, నెల సగం కూడా కాకముందు, పొడుగక్క బల్ల మీదకు చేరాయి. ఆమె వాటిని వెంటనే పెట్టెలో పెట్టలేదు. అరచేత్తో ఒక చక్రాన్ని తిప్పి, అది ఆగేదాకా చూసింది.

ఆ రోజుకూ లెక్క కాస్త తక్కువే వచ్చింది. ఓనరు గారు ఖాళీ మేకుల ముందు చాలాసేపు నిలబడ్డారు. ఇదివరకు ఆయన లెక్కపెట్టేది తయారైన కుర్చీలను. ఆ రోజు మొదటిసారి, అడిగినవాటిలో వెళ్ళిపోయినవాటిని లెక్కపెట్టినట్టున్నారు.

"ఈ నెల ఇలాగే కానీయండి," అన్నారు మేస్త్రీతో. "తర్వాత చూద్దాం."

కోడలు దర్జీకి ఫోను చేసింది. అతను కూతుర్ని వీపు మీద మోసుకుని వచ్చి, కుర్చీలో కూర్చోబెట్టే ముందు మెడలో టేపు తీసి సీటు వెడల్పు కొలిచాడు. కొలిచి తలాడించాడు. పిల్ల కూర్చుంది. చేతులు చాచింది. ఈసారి చక్రాలు దొరికాయి. ఒకసారి తోసింది, ఇంకోసారి తోసింది, కుర్చీ ఆవరణ దాటి గేటువైపు సాగింది.

"ఆగవే, నేనొస్తున్నా," అంటూ దర్జీ వెనకాల పరిగెత్తాడు. ఆ పిల్ల ఆగలేదు.

*

నెల ఆఖరి రోజు. చీకటి పడకముందే ఫ్యాక్టరీ గంట మోగింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు చేతులు కడుక్కుంటూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఇవాళ తారీఖు సరిగ్గానే చూశారా?" అంది పొడుగక్క. "ఈ వేళప్పుడు వెళితే మా ఆయన తలుపు తీయడు, దొంగలనుకుని."

మామగారు, కోడలు ఇంటికి నడిచారు. ఆ తారీఖున వీధిని వెలుగులో చూసి ఆయనకు ఎన్నేళ్ళయిందో. పిల్లలు బంతి ఆడుకుంటున్నారు. ఒక కిటికీలో ఎవరో మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. ఆయన ఇటూ అటూ చూస్తూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చుట్టంలా నడిచారు.

పెరట్లో ఉన్న అత్తగారు ఆయన్ని చూసి గబుక్కున లేచారు.

"ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"పనైపోయింది."

"ఇవాళ నెలాఖరు కదా?"

"అవును. అయిపోయింది."

ఇంట్లో ఇంకా వంట మొదలవలేదు. నెలాఖరు రోజుల్లో ఆవిడ మిగతావాళ్ళకు వండిపెట్టి, తను మాత్రం పొద్దుటిది ఏదో తిని ఊరుకునేవారట. కొడుక్కు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. నలుగురూ వంటింట్లో చేరారు. కోడలు బియ్యం కడిగింది, భర్త ఉల్లిపాయలు తరిగి కళ్ళు తుడుచుకున్నాడు. వంట అవుతుండగా మామగారు రెంచి పట్టుకుని పెరట్లో కుళాయి ముందు చతికిలబడ్డారు.

"ఒరేయ్, ఇటొచ్చి ఇది తిప్పు. నా చెయ్యి అంత పైకి రాదు."

కొడుకు తిప్పాడు. తిప్పుతూ తండ్రి ముఖంలోకి చూశాడు. రెండుసార్లు చుక్క పడి, కుళాయి ఆగిపోయింది.

అత్తగారు గుమ్మంలో నిలబడి, అలవాటుగా గొంతు తగ్గించారు.

"ఆ డాక్టరు దగ్గరికి..."

అని ఆగారు, జవాబు రావడానికి చోటు వదిలి. మామగారు నోరు తెరిచారు. ఇన్నాళ్ళూ నాలుక చివరే ఉన్న మాట కోసం చూసుకున్నట్టు కాసేపు అలాగే ఉండిపోయారు.

"రేపు పొద్దున వెళదాం," అన్నారు. "తల కాస్త తొందరగా దువ్వు."

కోడలు కిటికీ దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. పెరట్లో తీగ మీద, భర్త ఆ రోజు ఉతుక్కున్న చొక్కా ఒక్కటే ఆరుతోంది.